డాక్టరుగారి ముసలిది

"తొయ్యండి!"

ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. పలకరింపు లేదు, పాడూ లేదు.

లెక్కల మాస్టారు చుట్టూ చూశాడు. స్కూలుకెళ్ళే దారిలో తను తప్ప నరమానవుడు లేడు. కొత్త ఊళ్ళో కొత్త ఉద్యోగంలో చేరే రోజని తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ బయల్దేరాడు. ఎదురుగా ఇంగ్లండులో ఎప్పుడో తయారైన నల్లటి మోటారు సైకిలు. గుండ్రటి హెడ్‌లైటు, ట్యాంకు మీద బంగారు గీతలు, కింద రోడ్డు మీద అప్పుడే కారిన ఆయిలు. పైన హెల్మెట్టు పెట్టుకున్న అమ్మాయి.

"నన్నేనా?"

"మరి ఆ కరెంటు స్తంభాన్నా? అక్కడ ఆవు ఈనలేక అవస్థ పడుతోందండీ, తొందరగా!"

తోశాడు. బండి దగ్గింది, తుమ్మింది, ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో అందుకుని లోపలున్న మసంతా అతని మీద కక్కింది. ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపి "థాంక్సండీ!" అని అరిచి మలుపు తిరిగిపోయింది.

మాస్టారు నల్లచుక్కల చొక్కాతో హెడ్మాస్టరు ముందు నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే తెలిసింది, ఆవిడ ఎదురింట్లోనే ఉంటుందని. పశువుల డాక్టరు. అమ్మమ్మా తనూ ఇద్దరే. బండి చనిపోయిన తాతయ్యది.

"చొక్కా ఇవ్వండి, ఉతికిస్తాను," అంది గేటు దగ్గర నిలబడి.

"అక్కర్లేదు. ఆ ముసలిదాన్ని వదిలేసి కొత్త బండి కొనుక్కోవచ్చుగా?"

"ఎందుకు? బాగానే ఉందిగా."

"బాగుంటే పొద్దున నేనెందుకు తోశాను?"

"ఇవాళ దానికి మూడ్ లేదు."

మాస్టారుకి ఒళ్ళు మండింది. బండికి మూడేమిటి?

అలా ఒళ్ళు మండినవాడు మర్నాటి నుంచీ ఆ వైపు చూడకూడదు కదా. కానీ ఆదివారం ఆమె షెడ్డులో ఒక్కతే ఇంజను ముందు చతికిలబడి, టార్చి నోట్లో కరిచి పట్టుకుని తంటాలు పడుతుంటే చూడలేక వెళ్ళి టార్చి అందుకున్నాడు. పై ఆదివారం పానాలు అందించాడు. ఆ పై ఆదివారం ఆమె పిలవకుండానే పాత చొక్కా తొడుక్కుని వచ్చాడు.

వచ్చినప్పుడల్లా విసుక్కున్నాడు. మామూలు పానా ఏదీ ఆ బండి బోల్టులకి పట్టదు, దానికి వేరే సైజులు. గేరేమో కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. ఒకసారి నడిపి చూద్దామని ఎక్కి, బ్రేకనుకుని గేరు తొక్కి నేరుగా పొదల్లోకి పోయాడు. ఆమె పరుగెత్తుకొచ్చి, "అయ్యో, దెబ్బ తగిలిందా?" అంది.

"పర్లేదు, మోచెయ్యి గీసుకుంది."

"మిమ్మల్ని కాదండీ!" అని ఆమె హెడ్‌లైటు తడుముతోంది.

ఆయిలు కారుతోందేమిటంటే, "కారుతోందంటే లోపల ఆయిలు ఉన్నట్టేగా" అనేది. నవ్వొచ్చేది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చేది.

వసంతం వచ్చింది. కొండ మీది తోటలన్నీ తెల్లగా పూశాయి. ఆదివారం అటు వెళ్దామంది డాక్టరు. మాస్టారు రాత్రంతా మాటలు కూడబలుక్కున్నాడు.

ఆశ్చర్యం, బండి ఆ రోజు బుద్ధిగా నడిచింది. రెండు పక్కలా పచ్చిక, పచ్చికలో గొర్రెలు, గాలి వీచినప్పుడల్లా మీద రాలే పూరేకులు. కింద ఇంజను నెమ్మదిగా, తీరుబడిగా డుగుడుగుమంటోంది. ఆమె వెనకాల కూర్చుని ఆ చప్పుడు వింటుంటే, దీన్ని ఎందుకింత ముద్దు చేస్తుందో మాస్టారుకి మొదటిసారి కాస్త అర్థమైనట్టనిపించింది. ఇదే సమయం అనుకున్నాడు.

"డాక్టరుగారూ, మీతో ఒక మాట..."

డుగ్. డుగ్. టప్. ఆగిపోయింది.

"ప్లగ్గుకి మసి పట్టి ఉంటుంది. ఆ చిన్న పానా ఇవ్వండి," అని ఆమె కిందకి దిగింది.

ప్లగ్గు తుడిచేలోపు వాన అందుకుంది. ఇద్దరూ బండిని తోసుకుంటూ పరుగెత్తి పక్కనున్న గొర్రెల పాకలోకి దూరారు. ఆమె నుదుటి మీది జుట్టు తడిసి కళ్ళలో పడుతోంది. పాకలో ఇంకెవరూ లేరు. మాస్టారు మళ్ళీ మొదలుపెట్టాడు.

"నేను చెప్పేదేమిటంటే, ఇన్నాళ్ళుగా మీతో..."

"ఉండండుండండి!" ఆమె గభాలున ట్యాంకు కింద తల పెట్టింది. "పెట్రోలు కుళాయిలో చెత్త అడ్డుపడినట్టుంది. ఈ డబ్బా పట్టుకుని బయట నిలబడండి. లోపల గడ్డి ఉంది, ఇక్కడ పెట్రోలు పెట్టకూడదు."

నిలబడ్డాడు. వానలో, పెట్రోలు డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కూడబలుక్కున్న మాటలన్నీ చొక్కాతోపాటు తడిసిపోతుంటే.

ఇంటికొచ్చి, తుమ్ముతూ, వరండాలోంచి అక్కకి ఫోన్ చేశాడు.

"చెప్పావురా?" అంది అక్క ఆత్రంగా.

"ఎక్కడక్కా! ఆ ముసలిది ఉన్నంతకాలం ఆ అమ్మాయితో ఒక్క ముక్క మాట్లాడలేను. నోరు తెరిస్తే చాలు, దగ్గుతూ మూలుగుతూ మధ్యలో అడ్డం. అరవై ఏళ్ళు దాటాయి, ఇంకా చాకిరీ చేయించుకుంటోంది. ఎవరికైనా ఇచ్చేస్తే పీడా విరగడవుతుంది!"

గేటు చప్పుడైంది. తిరిగి చూస్తే ఎదురింటి అమ్మమ్మ గబగబా వెళ్ళిపోతోంది. ఇవ్వడానికి తెచ్చిన గొడుగు గేటుకి వేలాడుతోంది.

మర్నాటి నుంచి డాక్టరు అతనితో మాట్లాడలేదు. నవ్వితే తల తిప్పుకుంది. ఆదివారం పాత చొక్కా వేసుకుని వెళ్తే షెడ్డు తలుపు మొహం మీదే వేసింది. వారమంతా మాస్టారు ఏ లెక్క చెప్పినా తప్పు జవాబే వచ్చింది. ఏం చేశానని ఈ శిక్ష? చివరికి ఓపిక నశించి వాళ్ళ వాకిట్లో నిలబడి గట్టిగా పిలిచాడు.

"డాక్టరుగారూ! నా తప్పేమిటో చెప్పండి!"

ఆమె బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా అమ్మమ్మని ఎవరికిచ్చేద్దామనుకుంటున్నారో మీరు చెప్పండి ముందు!"

"అమ్మమ్మగారినా?"

"దగ్గుతుందట, మూలుగుతుందట! పీడా అట!"

మాస్టారుకి విషయం తలకెక్కగానే నవ్వు ఆగలేదు. ఆమె మొహం ఇంకా ఎర్రబడింది.

"బండండీ! నేనన్నది మీ బండిని!"

వెనకనుంచి అమ్మమ్మ తొంగిచూసింది. "నేను అప్పుడే అనుకున్నాను. అరవై అన్నాడేమిటి, నాకు డెబ్బై ఆరు కదా అని."

"మరి ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?" అంది మనవరాలు.

"ఇంత వయసులో ఎవరైనా పదహారేళ్ళు తగ్గిస్తే ఎవరు కాదంటారే?"

మాస్టారుకి వారం రోజుల చిరాకంతా ఒక్కసారి పొంగుకొచ్చింది.

"మీ బండంటే నాకు అసహ్యం! దానివల్ల నా చొక్కాలన్నీ పోయాయి, నడుం పోయింది, జలుబు ఇంకా తగ్గలేదు! అయినా ఆదివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచే చూస్తున్నాను! మీరంటే ఇష్టమండీ నాకు! పెళ్ళి చేసుకోమని అడుగుదామంటే కుదరనిచ్చిందా అది? రెండుసార్లు!"

"ఇంత కోపంగానా చెప్పేది?"

"మంచిగా చెప్పబోతే ఆగిపోయిందిగా!"

ఆమె తల వంచుకుని చీరకొంగుకి అంటిన గ్రీజు గీకింది. "మొదటిసారే అది ఆగింది."

"మరి రెండోసారి?"

"కుళాయి శుభ్రంగానే ఉంది. మీరేం చెప్పబోతున్నారో అర్థమై... ఏం జవాబివ్వాలో తెలీక, కంగారులో..."

"అంటే అంతసేపు నన్ను ఊరికే వానలో నిలబెట్టారా?"

"ఊరికే కాదు. నేను లోపల ప్రాక్టీసు చేసుకుంటున్నాను, ఎలా ఒప్పుకోవాలా అని."

మాస్టారు తిట్టబోయి గట్టిగా తుమ్మాడు.

"మీ అక్కకి ఫోన్ కలుపు బాబూ," అంది అమ్మమ్మ చెయ్యి చాపి. "నువ్వు మాట్లాడితే మళ్ళీ ఇంకెవరో ఏదో అనుకుంటారు. ఎప్పుడొస్తుందో నేనే అడుగుతాను."

ఫోను తీసుకుని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో మాస్టారు ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. డాక్టరు మెట్టు దిగి వచ్చి, ఇన్నాళ్ళూ అన్న 'మీరు'ని పక్కన పెట్టి, అతని చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా. తడుస్తున్నావు."