రేవులో ఆగిన ప్లటూన్

2083లో లుంబే దేశపు సైన్యంలో చేరే ప్రతి మనిషికీ యూనిఫాం కొలతలు తీయకముందే ఒక ప్రతియోధుణ్ణి తయారుచేసేవారు. తలకు సన్నని తీగల టోపీ పెట్టి, కొన్ని వారాలపాటు అతన్ని మాట్లాడించేవారు. దేనికి భయపడతావు, ఎవరి మాట వింటావు, ఆకలి వేళ నీ ముద్ద పక్కవాడికి పెడతావా అని అడుగుతూ ఉంటే, జవాబుతోపాటు మెదడులో లేచే అలల్నీ ఆ టోపీ పట్టుకునేది. చివరికి కంప్యూటర్లో అతనిలాగే ఆలోచించే, అతని గొంతుతోనే మాట్లాడే మరొకడు పుట్టేవాడు.

ఈ పద్ధతి కనిపెట్టింది డాక్టర్ సువర్చల. ఆఫ్రికా నడిబొడ్డున ఉన్న ఆ చిన్న దేశానికి ఆమె విశాఖపట్నం నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. అంతకుముందు అక్కడ యుద్ధక్రీడ అంటే అధికారులు మ్యాప్ మీద అట్టముక్కలు జరపడమే. ఒక ముక్క అంటే ఒక బెటాలియన్. అందులో మూడు రైఫిల్ కంపెనీలు, ఒక మోర్టార్ దళం, వేరే దేశాలు వాడి అమ్మేసిన కవచ వాహనాలు, మెషిన్ గన్లు బిగించిన పికప్ ట్రక్కులు, నిఘా డ్రోన్లు ఉండేవి. తుపాకులు లెక్కకొచ్చేవి గానీ వాటిని పట్టుకున్న మనిషి వచ్చేవాడు కాదు. సువర్చల యుద్ధ విద్యాలయం హాలు పొడవునా ఒక రణబల్ల కట్టించింది. దాని మీద కొండలు, రోడ్లు, నది వెలుగులో లేచేవి. వాటి మధ్య ప్రతియోధులు వేలిగోరంత ఆకారాల్లో నడిచేవారు.

ఆ ఏడు కఫూరా నది సరిహద్దు గురించి పొరుగుదేశం తోందువాతో తగాదా ముదిరింది. యుద్ధమే వస్తే ఏమవుతుందో ఆడించి చూపమని ప్రభుత్వం అడిగింది. నదికి రెండువైపులా ఉండేది ఒకే భాష మాట్లాడే జనం. అటునుంచి వచ్చిన కాందిశీకులకు తీగల టోపీ తొడిగి, సువర్చల తోందువా సైనికుల్ని కూడా తయారుచేసింది.

ఆట మొదలైంది. ట్రక్కులు, కవచ వాహనాలు అనుకున్నట్టే కదిలాయి. లుంబే మొదటి బెటాలియన్‌లో రెండో ప్లటూన్ అనే చిన్న దళం నది రేవులో దిగి, నడుములోతు నీళ్లలో ఆగిపోయింది. అవతలి ఒడ్డున తోందువా కందకంలో ఎవరో ఎవరినో అన్నానికి పిలుస్తున్నారు. ఆట మళ్లీ ఆడించారు. మళ్లీ అక్కడే ఆగారు.

"ప్రోగ్రాంలో తప్పుందేమో చూడండి డాక్టర్," అన్నాడు యుద్ధ విద్యాలయం అధిపతి కర్నల్ మ్వెండా.

"వాళ్లనే అడుగుదాం," అంటూ సువర్చల ఆ ప్లటూన్‌లోని కార్పొరల్ జోసయా కటోంగో ప్రతియోధుడికి మైకు కలిపింది. "ఎందుకాగారు, కటోంగో?"

"మా మేనత్త కూడా అలాగే పిలుస్తుంది మేడమ్. ఆ పిలుపు విన్నాక తుపాకి ఎత్తలేకపోయాం."

"ఆజ్ఞ ఉంది కదా?"

"ఉంది. విన్నాం కూడా. అడుగు పడలేదు."

"ఇది ఉన్నదున్నట్టు రాసివ్వండి," అన్నాడు కర్నల్. "మా మనుషులు కాల్చరని మంత్రులకు నేను చెబుతాను."

చెప్పాడు. తన యంత్రం ఒక యుద్ధాన్ని ఆపిందనుకుంది సువర్చల. ఆ వానాకాలమంతా ఆమె హాయిగా నిద్రపోయింది.

అయినా వానలు వెనకబట్టాక యుద్ధం వచ్చింది. రెండో ప్లటూన్ నిజంగానే కఫూరా రేవులో దిగింది. ఒక్కడూ ఆగలేదు. కందకంలో ఉన్నవాళ్లు వంట మధ్యలో చచ్చిపోయారు.

సంధి కుదిరాక అసలు కటోంగో యుద్ధ విద్యాలయానికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

"పిలుపు వినబడలేదా?" అడిగింది సువర్చల.

"వినబడింది మేడమ్. ఆగిపోదామనే అనుకున్నాను. పక్కవాడు నడుస్తున్నాడు. అందరూ వెళ్తుంటే నేనొక్కణ్ణే నీళ్లలో నిలబడటానికి సిగ్గేసింది." అతను గొంతు తగ్గించాడు. "తర్వాత అడిగితే, పక్కవాడూ నన్ను చూసే నడిచాడట."

ప్రతియోధుల్ని తయారుచేసేటప్పుడు భయం గురించి, ఆకలి గురించి, స్నేహం గురించి అన్నీ అడిగింది సువర్చల. సిగ్గు గురించి అడగాలని ఆమెకు తోచనేలేదు.

"నాలాంటివాడు ఇక్కడున్నాడటగా. ఒకసారి మాట్లాడొచ్చా?" అన్నాడు కటోంగో.

ఆమె మైకు కలిపింది.

"రేవు దాకా వెళ్లావా?" అడిగాడు ప్రతియోధుడు. గొంతు అచ్చంగా అదే.

"వెళ్లాను."

"ఆగావు కదూ?"

కటోంగో సువర్చలకేసి చూశాడు. "ఆగాను," అన్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు ప్రతియోధుడు, తేలికగా.

కటోంగో లేచి, తనే మైకు కట్టేశాడు. "వాడికి చెప్పకండి మేడమ్. వాణ్ణి అలాగే ఉండనివ్వండి."

ప్రతియోధులు అసలు మనుషుల్లా లేరని, సరిదిద్దమని ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. సువర్చల సైనికులందరినీ మళ్లీ పిలిపించి, టోపీ తొడిగి, ఈసారి సిగ్గు గురించి అడిగింది. ఒక్కొక్క ప్రతియోధుడికీ దాన్ని కలుపుతూ పోయింది. కటోంగోను మాత్రం పిలవలేదు.

కర్నల్ సమక్షంలో కొత్త ఆట మొదలైంది. రణబల్ల మీద పొద్దు పొడిచింది. రెండో ప్లటూన్ రేవులో దిగింది. అవతలినుంచి అన్నానికి పిలుపు వచ్చింది. ప్లటూన్ ముందుకు సాగింది. నది మధ్యలో ఒక్క ఆకారం ఆగిపోయింది.

"బండా, ఆగు," అంటున్నాడు కటోంగో ప్రతియోధుడు. "లుంగూ, ఆ పిలుపు వినబడటం లేదా? ఆగరా." ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తున్నాడు. అరవడం లేదు. ఇంట్లో మనిషిని పిలిచినట్టు పిలుస్తున్నాడు.

ఒడ్డెక్కబోతున్న ఆకారాల నడక నెమ్మదించింది. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి అతనికేసి, ఆపైన ఒకరికేసి ఒకరు చూశారు.

వాళ్లలో ఒకడు కాల్చాడు. ఆ వెంటనే మిగతావాళ్లూ కాల్చారు.

ఆకారం నీళ్లలో మునిగి ఆరిపోయింది. ప్లటూన్ కందకం వైపు తిరిగి, ఇందాకటి కంటే వేగంగా నడిచింది.

"తమవాణ్ణే కాల్చమని వాళ్లకి ఆజ్ఞ మీరిచ్చారా?" అడిగాడు కర్నల్.

"లేదు," అంది సువర్చల. "మీరు?"

కర్నల్ తల అడ్డంగా ఊపాడు. బల్ల మీద తూటాల చప్పుడు సాగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ఇద్దరిలో ఎవరి చేయీ లేవలేదు.