పేరు రాయని వకాల్తా

నెక్కొండల నా మిషిన్ కాడికి జాకెట్లు కుట్టించుకోను వచ్చేటోళ్లను ఎవ్వలనన్న అడగండ్రి, లిదియా ఒకళ్ల మాట పడే మనిషి కాదనే చెప్తరు. అసొంటిదాన్ని ఆ వానకాలం హన్మకొండ కోర్టుల ఎన్ని మాటలు పడ్డనో నాకే తెల్వదు. జిరాక్స్ మిషిన్ల చప్పుడు, ఛాయ్ డబ్బా కాడ అల్లం వాసన, వానకు తడిసిన నల్లకోట్లు, అంతా మామూలుగనే ఉండేది. నా మొగని కేసు పట్టుకునే వకీలే ఒక్కడు సుత దొరకలే.

నా మొగడు విన్సెంట్ డీసీఎం వ్యాన్ డ్రైవరు. నెక్కొండ రోడ్డు మీద స్కూటర్ మీద పోయే ఒకాయనను గుద్దిండు. ఆయన చచ్చిపోయిండు. ఆయన హన్మకొండ కోర్టుల వకీలు, పేరు సారంగపాణి. బండి ఓనరు రాజేశ్వర్ రావు మీద భూమి కేసు కొట్లాడుతుండెనట. అందుకని పోలీసోళ్లు యాక్సిడెంట్ అనకుంట హత్య కేసు పెట్టిండ్రు. ఓనరు ఊరిడిసి పారిపోయిండు. విన్సెంట్ ఖమ్మం జైల్ల పడ్డడు. ఎట్లన్న బెయిల్ తెచ్చి మనిషిని ఇంటికి తెచ్చుకోవాలె, నాకు ఇంకో ఫికరే లేకుండె.

కని వకీలును చంపినోని తరఫున ఏ వకీలూ నిలబడొద్దని ఆళ్ల సంఘం తీర్మానం చేసింది. అది ఆళ్ల కట్టుబాటట. గేటుకు సారంగపాణి ఫొటోతోని ఫ్లెక్సీ కట్టిండ్రు. పోయినప్పుడల్ల తలకాయ వంచుకొనే దాని పక్కకెల్లి పోయిన. ఆ మొఖం చూసే ధైర్యం నాకు లేకుండె.

ఆళ్లల్ల పాండురంగం సార్ అని ఒక వకీలు జర మంచోడు. ఆయనే పక్కకు పిలిసి మెల్లగ చెప్పిండు.

"ఎవరన్న బయటి వకీలు దొరుకుతడేమో చూడు బిడ్డా. నువ్వు మటుకు జైలుకు పోయి వకాల్తా మీద మీ ఆయన సంతకం పెట్టించుకో. వకీలు పేరు కాడ ఖాళీ ఇడువు. ఒప్పుకున్నాయన రాసుకుంటడు."

వకాల్తా అంటే ఇంకేం లేదు, ఫలానా వకీలే నా తరఫున మాట్లాడుతడని ముద్దాయి ఇచ్చే కాయితం. ఖమ్మం పోయి విన్సెంట్ సంతకం, జైలోళ్ల ముద్ర రెండూ ఏయించుకొచ్చిన. పేరు రాయని కాయితం సంచిల పెట్టుకొని నెలంత తిరిగిన. ఏ చేతికి ఇస్తున్ననో చూడకుంట ఇయ్యడానికి తయారైపోయిన. నా అంత పిచ్చిది ఇంకోతి ఉండదు.

ఆ పొద్దు కోర్టు బందయ్యే యాళ్లకు మబ్బు కమ్ముకొచ్చింది. జనం ఉరుకుతాండ్రు. నేను మెట్ల మీద కూసున్న. ఎనుకకెల్లి ఎవరో అడిగిండ్రు.

"నెక్కొండ కేసా అమ్మా?"

అరవై ఏండ్లుంటయేమో. నల్లకోటు, తెల్ల మీసాలు. తడిసి ముద్దయిండు. అవునన్న. "నేను చూస్త, రా," అన్నడు. అంత మెత్తగ కేసు చూస్తనన్నోడు ఆ నెలల ఒక్కడు లేడు. నాకు ఏడుపొచ్చింది. మారుమాట అడగకుంట ఎంబడి పోయిన.

చౌరస్తా ఎనుక సన్నటి గల్లీ. కింద దుకానం షట్టర్ సగం దించి ఉంది. మెట్లెక్కుతాంటే ముక్కిపోయిన పాత కాయితాల వాసన, దాని కిందికెల్లి డీజిల్ వాసన. ఆయన ఎడమ కాలు ఈడ్సుకుంట ఎక్కిండు. పైన ఒక్కటే అర్ర. గోడల పొడుగూత లావు పుస్తకాలు, ఒక టేబుల్, రెండు కుర్చీలు. కిటికీ బయట ఏదో రేకు మీద వాన దంచుతాంది.

కాయితం ఇచ్చిన. జేబుల పెన్ను తీసి పేరు రాసుకున్నడు. నేను రాసే చెయ్యినే చూసిన గని రాసింది చదవలే.

"మీరు ఈ కోర్టోళ్లేనా సార్? సంఘపోళ్లు ఏమనరా?"

"నన్ను ఇగ ఏమంటరమ్మా," అని జర నవ్విండు. "జరిగింది జరిగినట్టు చెప్పు. నా కాడ దాస్తే నేను మాట్లాడలేను."

ఎవ్వలకూ చెప్పని మాట అది. మా పాస్టరమ్మకు సుత చెప్పలే. ఆయన అట్ల అడిగేసరికి కడుపుల ఉన్నదంత కక్కిన.

"ఓనరే చెప్పిండు సార్. చంపుమని కాదు, జర తాకిచ్చి భయపెట్టుమన్నడట. మా ఈనెకు అంత గట్టిగ తాకుతదని తెల్వదు. దిగి చూసిండట. ఆ వకీలుకు ఇంక పానం ఉండెనట. విన్సెంట్ కాలు పట్టుకొని మంచినీళ్లు అడిగిండట. ఈనె భయపడి కాలు గుంజుకొని బండెక్కిండు. దవాఖానకు తీస్కపోతే బతికేటోడేమో. వాన్ని నేను మస్తు తిట్టిన సార్. కొట్టిన సుత. కని వాడు లేకపోతే నేను బతకలేను."

కరెంటు పోయింది.

చీకట్ల ఆయన కనవడుతలేడు. టేబుల్ అవతలికెల్లి గొంతు వచ్చింది. మెత్తగనే వచ్చింది.

"మంచినీళ్లు కాదమ్మా... ఫోన్ అడిగిన."

టేబుల్ మీదున్న చేతులు ఎనుకకు గుంజుకున్న.

"నా బిడ్డతోని ఒక్క మాట చెప్పుకుందామని... ఇయ్యలే."

లేసిన. కుర్చీ ఎక్కడ్నో పడ్డది. తలుపు దిక్కు చేతులు చాపిన... పుస్తకాలు. ఇటు తిరిగిన... మళ్ల పుస్తకాలే. లోపలికి వచ్చింది ఒక్క తలుపుకెల్లి గదా... అది యాడికి పోయింది. ప్రార్థన చేద్దామంటే మాట ఎల్తలేదు. డీజిల్ వాసన దగ్గరికొచ్చింది. నేల మీద కాలు ఈడ్చిన చప్పుడు... ఆగింది. మళ్ల ఈడ్చింది... చెవి పక్కనే ఆగింది.

"వాన తగ్గినంక పో అమ్మా. కేసు ఒప్పుకున్న గదా. ఇగ నేను ఇడువ."

కరెంటు వచ్చింది. అర్రల నేనొక్కదాన్నే ఉన్న. టేబుల్ మీద ఏలు మందం దుమ్ము. నా కాయితం లేదు. తలుపు నా ముందట్నే బార్ల తెరిసి ఉంది. మెట్లు ఎట్ల దిగిన్నో, వానల ఎట్ల ఉరికిన్నో నాకు తెల్వదు. కోర్టు గేటు కాడ ఊపిరాడక ఆగిన. అప్పుడు తలకాయ ఎత్తి ఫ్లెక్సీ చూసిన. తెల్ల మీసాలు.

తెల్లారి కాళ్ల మీద పడదామని పాండురంగం సార్ ఆఫీసుకు ఉరికిన. ఏం జరిగిందో చెప్తే నమ్మడనుకున్న. ఆయన నన్ను చూడంగనే లేసి తలుపు పెట్టిండు.

"ఇప్పుడే మీ కేసు పిలిసిండ్రు బిడ్డా. ముద్దాయి తరఫు వకీలు లేసిండు. బెయిల్ అడుగుతలేమన్నడు. జడ్జి సరేనన్నడు. నేను ఆడనే ఉన్న, గొంతు ఇన్న. మొఖం మటుకు యాదికొస్తలేదు. అడిగితే ఎవ్వలకూ యాదికొస్తలేదు."

"వేరే వకీలును పెడ్త సార్. మీరే నిలబడండ్రి."

"వకాల్తా పడ్డంక ఇంకొకడు రావాలంటే నాకేం అభ్యంతరం లేదని మొదటాయన సంతకం పెట్టాలె."

"చచ్చిపోయినాయన యాడికెల్లి పెడ్తడు సార్?"

"చచ్చిపోతే ఆ సంతకం అక్కర్లేదు," అన్నడు పాండురంగం సార్. రుమాలుతోని మెడ తుడుసుకున్నడు. "కని కోర్టుకు వస్తాండు గదా బిడ్డా."

మీరు చెప్తేనే గదా ఖాళీ ఇడిసిన అని అరిసిన. తలకాయ దించుకున్నడు గని కేసు మటుకు ముట్టలే.

జైల్ల కలిసే పర్మిషన్ వారానికి గని దొరకలే. ఆ పొద్దు మొదటి బండికే ఖమ్మం పోయిన. ఒక్కదాన్నే పోయిన. ఎవ్వలు అడిగినా నోరు తెరవొద్దని విన్సెంట్‌కు చెప్పాలె, అంతే. ఇనుప జాలి అవతల వాడు వచ్చి కూసున్నడు. బుగ్గలు లోపలికి పోయినయి. కండ్ల కింద నల్లగ.

"వకీలు దినాం వస్తాండు లిదియా," అన్నడు. "చెప్పిందే మళ్ల చెప్పుమంటాండు. ఒక్క ముక్క తప్పితే మళ్ల మొదటికెల్లి. నిద్ర పోనిస్తలేడు. నన్ను ఈడికెల్లి తీస్కపోవే."

"చెప్పకు. నీకు దండం పెడ్త, ఏం చెప్పకు."

"చెప్పకుంటే పక్కకెల్లి లేస్తలేడు."

జాలిల ఏళ్లు పెట్టి వాని ఏళ్లు పట్టుకున్న. మంచు లెక్క ఉన్నయి. కానిస్టేబుల్ వచ్చి నా ఎనుక నిలబడ్డడు.

"టైం అయింది, లే అమ్మా," అన్నడు. "నువ్వే. సారును కూసోనియ్. వకీళ్లకు టైం పెట్టం మేము."

"ఏ సారు? నేను ఒక్కదాన్నే వచ్చిన."

ఆయన నన్ను చూసిండు. నా పక్క కుర్చీని చూసిండు. రెండడుగులు ఎనుకకు జరిగిండు.

విన్సెంట్ నా ఏళ్లు ఇడిసిపెట్టిండు. వాని చూపు నా మీదికెల్లి పక్క కుర్చీ మీదికి పోయింది. బడి పిలగాని లెక్క చేతులు కట్టుకున్నడు.

"ఆ పొద్దు నెక్కొండల మిర్చి లోడ్ ఎక్కించిన సార్," అని మొదటికెల్లి చెప్పుడు షురూ చేసిండు.