తోడేలు తోలు మీద వేలిముద్ర

తదేయుష్ గోర్నీ తన పనిబల్ల పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. తల వెనక, రబ్బరు అచ్చులు నొక్కే ఇనుప ప్రెస్. దాని మూలన నెత్తురు గడ్డకట్టింది.

బల్ల మీది వేలెడంత సైన్యం అతన్నే చూస్తోంది. తలలు కోసి వేరే మొండేలకు అతికించిన రాక్షసులు. రెక్కలు మొలిచిన గుర్రాలు. బల్లల మీద యుద్ధాలు ఆడేవాళ్ల కోసం అతను జీవితమంతా చేసిన పని ఇదే. పోలండ్‌లోని వూచ్ నగరంలో అతని చేతి బొమ్మ కావాలంటే ఏడాది ఆగాలి.

మధ్యలో, బెండు ముక్క మీద ఒక సేనాపతి. చేతిలో ఈటె. భుజాల మీద తోడేలు తోలు, ఆకుపచ్చ పుట్టీతో కొత్తగా మలిచింది. ఎక్కడా చిన్న సొట్ట లేదు.

ఇన్‌స్పెక్టర్ బోగ్నా విల్చెక్ వంగి, శవం కుడి అరచెయ్యి చూసింది. మధ్యలో ఆకుపచ్చ పుట్టీ, రాయిలా గట్టిపడింది. పక్కనే సూది గుచ్చినట్టు చిన్న గాయం.

"పనివాడి చెయ్యి. మరక ఉండదా?" అన్నాడు డాక్టర్. "నిన్న సాయంత్రం ఆరు, ఏడు మధ్య పోయాడు. ఎవరో తోశారు. పడగానే ప్రాణం పోయింది."

ఫోన్ మోగింది. చీఫ్.

"బోగ్నా, సాయంత్రానికి ఆ మేనకోడలి మీద కేసు కట్టెయ్. గొడవ పక్కింటామె విన్నది."

మేనకోడలు కింగా వంటగదిలో కూర్చుని ఉంది. సైన్యాన్ని పెట్టెల్లో సర్ది పంపే పని ఆమెది.

"నీ చావు నువ్వు చావు అన్నావట?"

"అన్నాను. సీసం కరిగిస్తూ కిటికీ మూసుకుంటాడు. రోజూ అంటాను. రోజూ బతికే ఉండేవాడు."

"తర్వాత?"

"ఇంటికెళ్లిపోయాను. పొద్దున రొట్టె తీసుకుని వస్తే..."

"నీకు మలచడం వచ్చా?"

"నాకా? నేను పియెరోగి కుడుములు చుడితేనే మామయ్య నవ్వేవాడు. ఇది తినేదా, కుస్తీలో నలిగిన చెవా అని."

"ఈ పుట్టీ ఎప్పటికి గట్టిపడుతుంది?"

"నీలం ముద్ద, పసుపు ముద్ద కలిపి పిసికాక రెండు గంటలు మెత్తగా ఉంటుంది. మామయ్య వేళ్ల కొసలతోనే ముట్టుకునేవాడు. పుట్టీ అంటకుండా పనిముట్టు తడపడానికి గిన్నెలో నీళ్లు. ఎవరైనా దానికి నాలుక తగిలిస్తే చీపురు తిరగేసేవాడు. సీసం విషం కదా." గోడ గడియారం వైపు చూసింది. "మూడింటికి మా పాప బడి వదులుతారు. దానికి నేను తప్ప ఎవరూ లేరు. నన్ను తీసుకెళ్తే దాన్నెక్కడ పెడతారు?"

అనాథాశ్రమం అనే మాట బోగ్నా నోటిదాకా వచ్చి ఆగింది.

"మీ మామయ్యకి ఎవరితోనైనా పడదా?"

"విక్టర్‌తో. మొదటి శిష్యుడు. బహుమతి కొట్టిన అతని డ్రాగన్‌ని చూసిన రోజు మామయ్య భోజనం ముట్టలేదు. అది మామయ్య పాత డ్రాగనే. దొంగచాటుగా అచ్చు తీసి రెక్కలు మార్చాడు. ఆ సంగతి ఆదివారం క్లబ్బులో అందరి ముందూ చెప్తానన్నాడు మామయ్య."

మధ్యాహ్నం రెండింటికి పనిబల్ల చుట్టూ నలుగురు చేరారు. బోగ్నా, కింగా, బొమ్మల దుకాణం బ్రూనో, విక్టర్.

"నిన్న ఐదున్నరకి వచ్చాను," అన్నాడు బ్రూనో. "తప్పు రంగులు తెచ్చానని తిట్టాడు. వెళ్లిపోయాను."

"మీరు మలుస్తారా?"

"నా వేళ్లు చూడండి మేడమ్. సాసేజ్‌లు."

"మీరు?"

"వారం నుంచి ఈ గడప తొక్కలేదు," అన్నాడు విక్టర్. అతని చూపు బల్ల మీద ఉంది. అక్కడ తదేయుష్ చేసిన ఒక మంత్రగత్తె బొమ్మ. దాని వీపున అప్పుడే అద్దిన మెత్తటి పుట్టీ. పుట్టీ మీద ఎవరిదో బొటనవేలి ముద్ర. పక్కనే ఒక పనిముట్టు.

బోగ్నా నెమ్మదిగా చెప్పసాగింది.

"అరచేత్తో ముట్టుకోని మనిషి అరచేతిలో పుట్టీ ఎలా ఎండింది? పడిపోతూ చేతిలోని బొమ్మను గట్టిగా పట్టుకున్నాడు. ఈటె మొన గుచ్చుకుంది. అంటే ఈటె వంగాలి. తోలు నలగాలి. మరి ఆ సేనాపతి బల్ల మీద పెళ్లికొడుకులా ఎలా నిలబడ్డాడు?"

బోగ్నా సేనాపతి వైపు వేలు చూపించింది.

"చంపినవాడు పారిపోలేదు. శవం చేతిలోంచి బొమ్మ తీసి, శవం పక్కనే కూర్చుని, తోలు సరిచేశాడు. బ్రూనో అయితే తొక్కుకుంటూ పోయేవాడు. కింగా అయితే ఇంకా చెడగొట్టేది."

బ్రూనో ఆమె మాట వినడం లేదు. విక్టర్ చెయ్యి చూస్తున్నాడు.

విక్టర్ ఎడమచెయ్యి పనిముట్టు అందుకుంది. కొస నాలుక మీదకి వెళ్లి వచ్చింది. మంత్రగత్తె వీపు మీది వేలిముద్రను నున్నగా చెరిపేస్తోంది. అతని ముఖానికి ఆ సంగతి తెలియదు.

"ఆ ముద్ర నాదే," అంది బోగ్నా. "మీ కోసమే వేశాను."

చెయ్యి ఆగిపోయింది.

"తోడేలు తోలు మీద వెంట్రుకలన్నీ మీ గురువుగారి కుడిచేతి వాటం. నలిగిన చోట మాత్రం ఎడమచేతి వాటం. సేనాపతి పక్కన దొరికిన పనిముట్టు కొసన ఎండిన ఎంగిలి ఉంది, ల్యాబ్‌కి పంపాను. ఆయన ఎంగిలి చేసే మనిషి కాదు."

విక్టర్ పనిముట్టు బల్ల మీద పెట్టేశాడు.

"డ్రాగన్ సంగతి చెప్పొద్దని కాళ్లు పట్టుకున్నాను. దొంగ అన్నాడు. ఒక్క తోపు తోశాను. అంతే." చూపు సేనాపతి మీదికి మళ్లింది. "ఆ తోలు ఆయన చివరి పని మేడమ్. దాన్ని అలా నలిగిపోయినట్టే ఎలా వదిలేస్తాను?"

"ఆయన్ని వదిలేశావుగా," అంది కింగా.

బోగ్నా గడియారం చూసింది.

"కింగా, బడి వేళయింది. వెళ్లమ్మా."

కింగా మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. కానిస్టేబుల్ బేడీలు వేశాడు. గుమ్మం దగ్గర విక్టర్ వెనక్కి తిరిగాడు.

"మేడమ్, ఆ మంత్రగత్తె వీపు ఇంకా ఆరలేదు. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."