తగ్గని ఎనిమిది కిలోలు

బస్సు డ్రైవరు ఆ ఉదయం కూడా ఊపిరి బిగబట్టి బరువు మిషను ఎక్కాడు. ఊపిరి బిగబడితే బరువు తగ్గదని ఆయనకూ తెలుసు. కానీ ఆశ చావదు కదా. అంకెలు కాసేపు ఊగిసలాడి, తొంభై రెండున్నర దగ్గర ఆగాయి.

"ఎంతండీ?" వంటింట్లోంచి భార్య కేకేసింది.

"అర కిలో పెరిగాను."

"చెప్పులు విప్పారా?"

"చెప్పులేమిటి, చొక్కా కూడా విప్పాను. ఇక విప్పడానికి చర్మమే మిగిలింది."

వెనక గదిలోంచి చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు చివర చిన్న ఆయాసం వినిపించింది. డ్రైవరు బరువు మిషనును కాలితో మంచం కిందికి తోసి, షటిల్ రాకెట్టు భుజాన వేసుకుని బయటపడ్డాడు.

చెల్లెలు ఒక స్కూల్లో లైబ్రేరియన్. పోయిన ఏడాది ఆమె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగేసి గంటలు ఆసుపత్రి మంచం మీద పడుకుంటే, మిషను రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కిస్తోంది. ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే అన్నయ్య కిడ్నీ ఒక్కటే సరిపోయింది. ఆయన ఎగిరి గంతేశాడు. కానీ డాక్టరమ్మ ఆ గంతును మధ్యలోనే ఆపింది.

"ఈ బరువుతో మీకు ఆపరేషన్ చేయలేను. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గి రండి. షటిల్ ఆడతారో, ఈత కొడతారో, సైకిలు తొక్కుతారో మీ ఇష్టం. ఒంట్లోని కేలరీలు చెమటై పోవాలి."

ఇరవై రెండేళ్లుగా స్టీరింగు వెనక కూర్చున్న ఒళ్లు అది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. పొద్దున్న గంటసేపు షటిల్. ఆదివారాలు ఈత. సాయంత్రం డ్యూటీ దిగాక డాబా మీద తాడాట. మొదటిరోజు కింది వాటా ఆయన భూకంపం వచ్చిందనుకుని పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తాడు. అలా ఆరు వారాలు గడిచాయి. తగ్గింది మాత్రం సున్నా.

షటిల్ కోర్టులో ఆయన జోడీ ఒక రిటైరైన లెక్కల మాస్టారు. అరవై ఎనిమిదేళ్ల వయసులోనూ నెట్ దగ్గర బల్లిలా అతుక్కుపోయి ఒక్క షాటూ వదలని మనిషి.

"ఇవాళా పెరిగావా?" ఆట మధ్యలో అడిగాడు మాస్టారు.

"అర కిలో."

"అసంభవం. నీ చేతి వాచీ గంటకు నాలుగు వందల కేలరీలు చూపిస్తోంది. దాన్ని నమ్మకపోయినా, నీ బనీను పిండితే బకెట్టు నిండుతోంది. ఈపాటికి రెండు కిలోలైనా తగ్గి తీరాలి."

"మరి నేనెందుకు తగ్గలేదండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఏం తింటున్నావ్?"

"పొద్దున ఓట్స్ జావ. మధ్యాహ్నం, రాత్రి ఉడికించిన కూరలు. మా ఆవిడ చేతి మహిమ మాస్టారూ, ఆ చప్పిడి జావే అమృతంలా ఉంటుంది."

మాస్టారు రాకెట్టు దించేశాడు. "చప్పిడి జావ అమృతంలా ఉంటుందా? నాకు నలభై ఏళ్లుగా షుగరు. చప్పిడి జావ ఎలా ఉంటుందో నన్నడుగు. గోడకు కాగితం అంటించుకునే జిగురులా ఉంటుంది."

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు.

అంతలో చినుకులు మొదలై, చూస్తుండగానే జోరందుకున్నాయి. కోర్టు తడిసిపోయింది. రోజూ వెళ్లే వేళకంటే నలభై నిమిషాల ముందే డ్రైవరు ఇంటిదారి పట్టాడు.

వీధి తలుపు దగ్గరికి వేసి ఉంది. బురద బూట్లు గుమ్మంలోనే విప్పి, చప్పుడు లేకుండా లోపలికి నడిచాడు. వంటింట్లో భార్య ఆయన గిన్నె ముందు నిలబడి ఉంది. వెన్న ముద్ద ఒకటి జావలో వేసింది. ఇంకొకటి వేసింది. తర్వాత బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, అడుగునుంచి ఒక సీసా తీసింది. జీడిపప్పు పొడి. మూడు చెంచాలు నింపి కలిపింది.

"నాలుగోది మర్చిపోయావు," అన్నాడు డ్రైవరు.

చెంచా గట్టు మీద పడి గింగిరాలు తిరిగింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి వారం నుంచీ."

ఆయన గొంతు పెంచలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపం కంటే అలసటే ముందు వచ్చింది.

"అది నా చెల్లెలే. నీ చేతి అన్నం తిని పెరిగింది. దాని ప్రాణంతో ఆటలాడావా?"

"నన్నేమైనా అనండి." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. "తప్పు నాదే."

"వదినది కాదు."

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. చెల్లెలు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పాదాలు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి.

"నేనే చెయ్యమన్నాను అన్నయ్యా. వద్దంటే నువ్వు వినవు. డాక్టరమ్మే వద్దంటే చచ్చినట్టు ఆగుతావు కదా అని. నువ్వు బరువు తగ్గకపోతే చాలనుకున్నాను."

"నీకేమైనా పిచ్చా, చిట్టీ?"

"నీకు కాలేజీ చదువుతున్న కూతురుంది. రేపు నీకేదైనా అయితే? నువ్వు స్టీరింగు పట్టుకోలేకపోతే? నాకేముంది... ఓ లైబ్రరీ, నాలుగు బీరువాలు. నేను లేకపోతే పిల్లలు పుస్తకాలు వాళ్లే వెతుక్కుంటారు."

"నోర్ముయ్," అన్నాడు. ఆ మాట సగంలోనే చితికిపోయింది.

అప్పుడు భార్య ఇటు తిరిగింది. "అంతా నీ మీదే వేసుకోకు అమ్మాయ్. నువ్వు అడిగినప్పుడు నేను కాదనొచ్చు. అనలేదు. ఎందుకనలేదో తెలుసా? మా నాన్న చిన్న ఆపరేషనే అని నడిచి ఆసుపత్రికి వెళ్లాడు. మోసుకొచ్చారు. ఈయన్ని ఆ బల్ల మీద ఊహించుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు అడిగావన్న వంక దొరికింది, దాని వెనక దాక్కున్నాను. వెన్న వేసిన ప్రతి పూటా నీ మొహం చూడలేక తల దించుకున్నాను."



డ్రైవరు లేచి వెళ్లి, చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాడు. తాను ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"మీ వదినకు భయం. నిజం చెప్పొద్దూ, నాకూ భయమే. సూది చూస్తేనే కళ్లు మూసుకునే రకం నేను. ఆ భయం సంగతి మేమిద్దరం చూసుకుంటాం. నువ్వు ఒక్క మాట చెప్పు. నా కూతురు గురించి వద్దు, నా ఉద్యోగం గురించి వద్దు. నీ గురించి చెప్పు. నీకు బతకాలని లేదా? లేదని నా కళ్లలోకి చూసి అను. ఇవాళే రాకెట్టు అటకెక్కిస్తాను."

చెల్లెలు ఆయన కళ్లలోకి చూసింది. లేదనబోయి తల దించుకుంది.

"జబ్బు పడినప్పటి నుంచీ అందరూ నాకేం కావాలో వాళ్లే చెప్పేస్తున్నారు," అంది చివరికి. "నన్ను ఎవరూ అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను కదా."

"ఉంది అన్నయ్యా." రెండు చేతులతో మొహం కప్పుకుంది. "బతకాలనుంది. చాలా కాలం బతకాలనుంది. అడగడానికి సిగ్గేసింది."

భార్య వచ్చి ఆమె తలను తన పొట్టకు హత్తుకుంది. ఇద్దరూ ఏడ్చారు. డ్రైవరు కూడా, మొహం మీద వాన నీళ్లు ఇంకా ఆరలేదన్న ధైర్యంతో, హాయిగా ఏడ్చాడు.

ముందుగా తేరుకున్నది భార్యే. జావ గిన్నె తీసుకెళ్లి తొట్టిలో కుమ్మరించింది. "ఇంకో ఆరు వారాలున్నాయి. ఎనిమిది కిలోలు తగ్గించే పూచీ నాది. డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను. నా భయాలన్నీ ఆమెనే అడుగుతాను. కానీ ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో జావ జిగురులాగే ఉంటుంది."

"ఎనిమిది కాదు, ఎనిమిదిన్నర," అన్నాడు డ్రైవరు. "పైన అర కిలో మీ వదినామరదళ్ల పుణ్యం."

చెల్లెలు ఏడుపులోనే నవ్వింది. ముక్కు తుడుచుకుని, నేల మీద కూర్చున్న అన్నయ్యను ఎగాదిగా చూసింది. లైబ్రరీలో అల్లరి పిల్లల్ని చూసే చూపు అది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"మరి ఇంకా చతికిలబడ్డావేం? లే."

"బయట వాన చిట్టీ."

"ఇంట్లో వాన పడుతోందా? ఇక్కడే గెంతు."

డ్రైవరు లేచాడు. వంటింటి నడుమ, ఇద్దరు ఆడవాళ్ల ముందు, తొంభై రెండున్నర కిలోల మనిషి గెంతడం మొదలుపెట్టాడు. అలమరలో గిన్నెలు గలగలలాడాయి. చెల్లెలు గట్టిగా లెక్కపెడుతోంది. ఇరవై దగ్గర ఆయన ఆగి రొప్పబోతే, ఆమె వేలు చూపించి అంది:

"ఆపకు. నాకు కావాలి."