గుడ్డ టాపు కారు

అశోక్ నగర్‌లో ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి పేరు చెడి మూడు నెలలైందట. చీకటి పడితే బంతి పడినా పిల్లలు దిగరు. దెయ్యాల్లేవంటూనే పెద్దవాళ్లు స్కూటర్లు వీధిలో పెట్టుకుంటున్నారు. చిక్కడపల్లి పంతులుగారొచ్చి నిమ్మకాయ కోసి వెళ్లారు. నిమ్మకాయ ఎండిందే గానీ దెయ్యం కదల్లేదు.

కారణం — మూలనున్న ఎర్ర కారు. టాపు తీసి తిరిగే రకం. సాయంత్రం మూసిన టాపు తెల్లారేసరికి తెరిచి ఉంటోంది... తలుపుల తాళాలు వేసినవి వేసినట్టే!

కారు శ్రీరామమూర్తిగారిది. ఈమధ్యే భార్య పోయి ఒంటరైన పెద్దమనిషి. ఒకరోజు వాచ్‌మన్ బుగ్గయ్య మీద విరుచుకుపడ్డారు.

"రేపు మళ్లీ తెరిచుంటే నీకు ఉద్యోగమూ లేదు, గదీ లేదు."

"నేనేం జేసిన సార్? దానంతటదే తెర్సుకుంటదేమో."

"అలా తెరుచుకునేవి ఇనప టాపులోయ్! మీట నొక్కితే మడుచుకుని డిక్కీలోకి పోతాయి. కొన్నిటికి నెత్తిమీది పలకొక్కటే చేత్తో ఎత్తి తీస్తారు. మనది గుడ్డ టాపు. ముందద్దం పైన లోపల రెండు కొక్కేలుంటాయి. లోపల కూర్చుని విప్పితేనే వస్తుంది. తాళంచెవి నా దగ్గరుంది. నువ్వు దొంగ తాళం చేయించావు, అంతే!"

బుగ్గయ్య పాలమూరు మనిషి. మెట్ల కింద గది తప్ప వేరే గూడు లేదు. పోయిన చలికాలం అందులోనే అతని పెళ్లాం బాలనాగమ్మ పోయింది. అప్పుడూ కన్నీటి చుక్క రాలేదు. ఆనాటి నుంచి ఆకలీ లేదు, భయమూ లేదు. దెయ్యం వస్తే రానీ, మొద్దుబారినవాణ్ణి అదేం చేస్తుంది అనుకున్నాడు.

ఆ రాత్రి లైటార్పి స్తంభం వెనక కూర్చున్నాడు. నారాయణగూడ వైపు బండ్ల మోత అణిగింది. పన్నెండు... ఒంటిగంట... కునుకు పట్టింది.

టక్.

కారులోంచే! కాసేపాగి ఇంకోటి — టక్. గుడ్డ టాపు మెల్లగా లేచి వెనక్కి మడత పడింది. లోపల తెల్లగా ఏదో కూర్చుని ఉంది.

బుగ్గయ్య దగ్గరికి వెళ్లి టార్చి వేశాడు.

తెల్ల బనీను, పంచె, ఒళ్లో తాళంచెవి... శ్రీరామమూర్తిగారు! కళ్లు తెరిచే ఉన్నాయి గానీ, మనిషి నిద్రలో ఉన్నారు. పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగి గుసగుసలాడుతున్నారు.

"తీశాను రత్నమాలా... ఇప్పుడు ఊపిరాడుతోందా?"

రత్నమాలగారు ఆయన భార్య. ఆయాసంతోనే పోయారు.

"జర లేవండి సార్, పైకి పోదాం," అంటే చెయ్యి పట్టుకుని బుద్ధిగా వచ్చారు. ఇంట్లో దింపి, టాపు మూసేద్దామని బుగ్గయ్య తిరిగొచ్చాడు. మూస్తే ఉద్యోగం నిలుస్తుంది. లోపల కూర్చుని కొక్కెం పట్టుకున్నాడు. పక్క సీటు కేసి చూశాడు. టాపు అలాగే వదిలేశాడు.

తెల్లారింది. "మళ్లీ ఎవడు తీశాడోయ్?" మూర్తిగారి అరుపు. రాత్రి సంగతేదీ ఆయనకి గుర్తు లేదు.

బుగ్గయ్య అప్పటికే మూట కట్టుకుని నిలబడ్డాడు. నిజం చెబితే గది దక్కుతుంది. పదిమందీ పోగయ్యారు, వాళ్ల ముందు చెప్పలేకపోయాడు. బాలనాగమ్మ పోయాక మొదటిసారి అతనికి ఏడుపొచ్చింది.

"దెయ్యమే సార్," అన్నాడు. "టాపు మూయకండి... పాపం, దానికి ఊపిరాడతలేదంట."

మూర్తిగారు పక్క సీటు వైపే చూస్తూ నిలబడిపోయారు.