ముప్పై ఏడుగురు వస్తామన్నారు, ఒక్కరు రానన్నారు

"ఏం సారూ, మీ మిషన్‌కు నిద్ర రాదా?"

ఉజ్వల్ ఇంకా హెల్మెట్ తీయనేలేదు, ప్రశ్న వచ్చి మొహాన తగిలింది. చేవెళ్ల పూలరైతుల సొసైటీ ఆఫీసు గుమ్మంలో పూర్ణిమ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. సొసైటీలో మీటింగులు, ఉత్తరాలు, రైతుల ఫోన్లు అన్నీ చూసేది ఆమే. పైగా సొసైటీ అధ్యక్షుడు నర్సింహులు కూతురు. అంటే తిట్లకు డబుల్ అధికారం ఉన్న మనిషి.

"ఏమైందండీ?"

"పదింటికి మీటింగు వెట్టిన. నీ కేలండర్ల నాలుగున్నర అని వడ్డది. ముప్పై మంది పొద్దుగాల నాలుగున్నరకొచ్చి తాళం ముంగట కూసున్నరు!"

"నాలుగున్నరకి ఎవరైనా మీటింగ్ పెడతారా? వాళ్లకి అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తది? పూలు కోసేటోళ్లు రోజూ మూడింటికే లేస్తరు. మంచి టైము వెట్టిందని నన్ను మెచ్చుకున్నరంట గూడ. నేను పదింటికొచ్చేసరికి తిట్టుకుంట వోయిన్రు."

ఉజ్వల్‌కు విషయం అర్థమైంది. సర్వర్‌కు మన దేశం టైమ్ చెప్పడం మరిచిపోయాడు. అది పాపం లండన్ గడియారం చూసుకుంటూ కూర్చుంది. ఐదేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు చేయాల్సిన తప్పేనా ఇది? తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్లీ హెల్మెట్‌లోనే పెట్టుకున్నాడు.

"తీయి సారూ, కొట్టనులే," అంది పూర్ణిమ. నవ్వింది కూడా. అక్కడే వచ్చింది చిక్కంతా.

అసలు పని చిన్నదే. మెయిలు, కేలండరు, అడ్రసులు అన్నీ ఒకేచోట ఉండే సర్వర్ సొసైటీకి ఎప్పట్నుంచో ఉంది. కాకపోతే అది ఆఫీసులోని ఒక్క కంప్యూటర్లోనే తెరుచుకునేది. ఇల్లుంది గానీ వీధివైపు తలుపు లేదన్నమాట. రైతులు పొలం గట్టు మీద నుంచే ఫోన్లో చూసుకునేలా ఆ తలుపు పెట్టడం ఉజ్వల్ ఉద్యోగం. గడువు మూడు వారాలు.

వారంలో ఇన్‌స్టాలేషన్ అయింది. రెండో వారమంతా పూర్ణిమతో గొడవలే.

"గీ 'తిరస్కరించు' అంటే ఏందయ్యా?" స్క్రీన్ మీద వేలు పెట్టి అడిగింది.

"మీటింగ్‌కి పిలుపు వస్తే రెండు బటన్లుంటాయండి. 'అంగీకరించు', 'తిరస్కరించు'. శుద్ధమైన తెలుగు!"

"మా సాలమ్మవ్వ గది చూసి కోర్టు నోటీసనుకుంటది. మనుషులు మాట్లాడుకునే తెలుగు వెట్టు. 'వస్త', 'రాను'. అయిపాయె."

"మరీ అంత మొహం మీద 'రాను' అంటే బాగుంటుందా?"

"రానోళ్లు రానంటరు. అండ్ల బాగేంది, ఓగేంది?"

బటన్లు మారాయి. మరునాడు సాలమ్మ ఇంటి నుంచే 'వస్త' నొక్కి, నొక్కానని చెప్పడానికి రెండు కిలోమీటర్లు నడుచుకుంటూ వచ్చింది. పూర్ణిమ, ఉజ్వల్ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. అవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయింది.

మూడో వారం ఒక సాయంత్రం మొయినాబాద్‌లో వాన పట్టుకుంది. మెహిదీపట్నం బస్సు దిగి చేవెళ్ల బస్సు కోసం చూస్తున్న పూర్ణిమ, బైక్ ఆపుకున్న ఉజ్వల్ ఒకే చాయ్ హోటల్ రేకుల కింద చేరారు. ఇద్దరి మధ్యా ఒకే ప్లేటు మిర్చి బజ్జీలు.

"మీ ఇంట్ల ఏమంటరు, రోజూ గింత దూరం వస్తుంటే?"

"మా నాన్న అడగరు. భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆయనకి మణికొండ దాటితే అన్నీ ఒకే దూరం. అమ్మ మాత్రం అడిగింది, ఆ సర్వర్ అంత అందంగా ఉంటుందా అని."

పూర్ణిమ బజ్జీ వైపు చూస్తూ ఉండిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చెప్పేయ్, చెప్పేయ్ అని ఉజ్వల్ గుండె కొట్టుకుంటూనే ఉంది. శుక్రవారం ఆఖరి రోజు కదా, అప్పుడు చెబుదాంలే అనుకున్నాడు. వాన తగ్గింది, ధైర్యమూ తగ్గింది.

గురువారం మధ్యాహ్నం కొంప మునిగింది.

నర్సింహులుకు కేలండర్ వాడటం నేర్పింది ఉజ్వలే. పెద్దాయన తెగ సంబరపడిపోయి, పొలానికి నీళ్లు పెట్టే టైముల దగ్గర్నుంచి బర్రె దవాఖాన దాకా అన్నీ అందులో ఎక్కిస్తున్నాడు. ఆ ఊపులోనే ఇదీ ఎక్కించాడు: 'ఆదివారం పదకొండు గంటలకు పూర్ణిమ పెళ్లిచూపులు.' ఎవరిని పిలవాలి అని అడిగినచోట 'అందరినీ' అని నొక్కాడు.

చాయ్ హోటల్లో ఉన్న ఉజ్వల్ ఫోన్ మోగింది. చూశాడు. నోట్లో చాయ్ చేదెక్కింది. ఆ క్షణాన అతనికి ఒక్కటే తెలుసు, ఆదివారం దాటితే ఈ అమ్మాయి తనకు దక్కదు.

చూస్తుండగానే పేర్ల పక్కన జవాబులు పడటం మొదలైంది. సైదులు, వస్త. సాముయేలు, వస్త. సంబంధం తెచ్చిన భిక్షం, వస్త. అరగంటలో ముప్పై ఏడుగురు వస్తామన్నారు. పెళ్లిచూపుల భోజనం ఎవడు కాదంటాడు!

మధ్యాహ్నం రెండు దాటాక ముప్పై ఎనిమిదో జవాబు పడింది.

పూర్ణిమ, రాను.

ఉజ్వల్ బైక్ చేవెళ్ల చేరేసరికి ఆఫీసు ముందు సగం సొసైటీ ఉంది. నర్సింహులు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, మంచిగొచ్చినవ్. భిక్షం మొకం మాడ్చుకున్నడు, అబ్బాయోళ్లకు ఏం జెప్పాల్నంటడు. గిది మీ మిషన్ తప్పే గదా? మొన్న టైమ్ తప్పు వడ్డది, గిప్పుడు గిది. జర గా ఒక్క మాట చెప్పు, ఫికర్ తీరుతది."

ఎంత తేలిక! తప్పు తనదే అంటే ఎవరైనా నమ్ముతారు. నాలుగున్నర మీటింగ్ ఎవరూ మరిచిపోలేదు. పెద్దాయన పరువు నిలబడుతుంది, రేపు పని పూర్తయిందని సంతకమూ పెడతాడు. పూర్ణిమ అన్న 'రాను' మాత్రం చెరిగిపోతుంది.

ఆమె కిటికీ దగ్గర నిలబడి అతన్నే చూస్తోంది.

ఉజ్వల్ ల్యాప్‌టాప్ తెరిచి, తెలిసిందే మళ్లీ చూశాడు.

"మిషన్ తప్పు కాదండీ. రెండు గంటల ఆరు నిమిషాలకి ఆమె ఫోన్ నుంచే వచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు నొక్కారు."

"రెండోసారి గట్టిగ నొక్కిన," అంది పూర్ణిమ.

"ఏందే బిడ్డా గిది? గింతమంది ముంగట!"

"మంది ముంగట వెట్టింది నువ్వే బాపూ. అమ్మనడిగినవ్, మామనడిగినవ్, వంటాయన్ని గూడ అడిగినవ్. నన్నడిగినవా? నీకిష్టమా కాదా అని నన్నడిగింది గీ మిషన్ ఒక్కటే." పూర్ణిమ తండ్రి కళ్లల్లోకే చూసింది. "అడిగింది గాబట్టి చెప్పిన."

సాలమ్మ అందుకుంది. "నిజమే గదరా నర్సింహులూ. బర్రెను అమ్మేటప్పుడన్న దాని మొకం చూస్తవ్."

నర్సింహులు కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు తలపాగా విప్పుతూ చుడుతూ కూర్చుని, కూతురి వైపు తిరిగాడు.

"సరే, తప్పు నాదే. ఇప్పుడడుగుతున్న. ఎవలన్న ఉన్నరా నీ మనసుల?"

"ఉన్నడు. కానీ మూడు వారాల సంది అందరికీ బటన్లు వెట్టిస్తుండు గని, ఆయన నోరు మాత్రం తెరుస్తలేడు."

అన్ని తలలూ ఒక్కసారి ఉజ్వల్ వైపు తిరిగాయి. దారంతా వల్లెవేసుకొచ్చిన మాటలు గాల్లో కలిసిపోయాయి.

"నర్సింహులు గారూ, నేను..."

"ఆయనతోని గాదయ్యా, పిల్లతోని చెప్పు!" అంది సాలమ్మ.

ఉజ్వల్ పూర్ణిమకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. "ఈ పని రెండు వారాల్లోనే అయిపోయింది పూర్ణిమా. మూడో వారం ఊరికే వస్తున్నాను. నిన్ను చూడకుండా ఉండలేక వస్తున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"మరి వారం సంది కంప్యూటర్ ముంగట ఏం జేసినవ్ సారూ?" అని సైదులు అడిగాడు. సాముయేలు అతని నెత్తిన ఒకటి వేశాడు.

"చేసుకుంట," అంది పూర్ణిమ. కళ్లల్లో నీళ్లు, మూతి మీద నవ్వు. "ఇష్టమే. మస్తు ఇష్టం."

నర్సింహులు గట్టిగా ఊపిరి వదిలాడు. "మీ అమ్మానాయినకు ఫోన్ జెయ్యి. నేను గూడ ఇనాలె."

ఉజ్వల్ స్పీకర్ పెట్టి తల్లికి ఫోన్ చేశాడు. గుక్క తిప్పుకోకుండా విషయమంతా చెప్పేశాడు. అవతల తల్లి సుబ్బలక్ష్మి అడిగింది.

"అదంతా సరే గానీ నాన్నా, ఆ అమ్మాయిని అడిగావా? తనకి ఇష్టమేనా?"

నర్సింహులు తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా చెయ్యి చాపి ఫోన్ అందుకున్నాడు.

"ఆమె తండ్రిని మాట్లాడుతున్న చెల్లె. జర ఆలస్యంగ అడిగిన గని, అడిగిన. ఇష్టమేనంట. ఆదివారం మీరు రాండ్రి."