పట్టీ మీద గింజ

ఉదయం 7.40. సత్తెనపల్లి పక్క పల్లె. వసారాలో మంచం మీద వీరబాబు శవం.

వయసు ముప్ఫై ఎనిమిది. షుగరు. ఎడమ పాదానికి మానని పుండు. దానిమీద శుభ్రంగా పసుపు రంగు పట్టీ.

ఎస్సై ఆరాధన గ్లౌజులు తొడుక్కుని పట్టీ అంచు లేపింది. గుప్పున కంపు. పాదం నల్లగా కుళ్లిపోయి ఉంది.

"ఏం పట్టీ ఇది?"

"జెల్ పట్టీ మేడం." అంది నర్సు మహిమ. "తుమ్మజిగురు, పసుపు సారంతో చేశారు. చీము పడితే ఎర్రబడుతుంది. రోజూ ఏడింటికి వచ్చి ఫొటో తీశాను. తొమ్మిది రోజులూ పసుపే! ఇవాళ వచ్చేసరికి మనిషి లేడు."

"ఎర్రబడితే?"

"ఆస్పత్రికి. కాలు తీసెయ్యాల్సి రావచ్చని ఇంట్లో ముందే చెప్పాను."

తల్లి వెంకటరావమ్మ గుండెలు బాదుకుంది. "నా కోడల్ని జైల్లో వెయ్యండమ్మా! పుండులో కారం కొట్టి చంపింది. ఆ ఫొటోలో మిరపగింజ కనపడట్లా?"

మహిమ ఫోనులో ఐదో రోజు ఫొటో. పట్టీ అంచున తెల్లటి గింజ.

కోడలు లక్ష్మీదుర్గ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. చీర నిండా గింజలే.

"రోజూలాగే ఐదింటికి పనికెళ్లానండీ. నిద్రపోతున్నాడనుకున్నా."

"నోర్ముయ్యవే! కుంటి మొగుణ్ణి మొయ్యలేక చంపావు."

పదకొండింటికి ఆరాధన ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. ఫొటో పెద్దది చేసి చూపించింది.

"మిరపగింజ బిళ్లలా పలచగా ఉంటుంది. ఇది ఉబ్బుగా ఉంది. ఒక కొస మొనదేలింది. నిమ్మగింజ."



"మహిమా, పొద్దున తీశాక ఎర్రబడ్డ ఈ పట్టీ మీద నిమ్మరసం వేసి చూశావుగా?"

"పసుపైంది మేడం. రెండు గంటల్లోపే మళ్లీ ఎర్రబడింది."

"దుర్గ ఐదింటికి పిండి ఉంటే ఏడింటికి ఎర్రగా కనపడాలి. కానీ ఏడింటికి పసుపే. మామ్మా, ఎర్రటి దిష్టినీళ్లలో నిమ్మరసం పడితే ఏమవుద్ది?"

"పసుపవుద్ది."

అనేసి ముసలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కాలు తీసేస్తారన్నారు," అంది చివరికి. "ఒంటికాలితో నా బిడ్డ మిరపచేలో ఎట్టా తిరుగుతాడు? పొద్దున్నే నాలుగు చుక్కలు పిండేదాన్ని. పాదానికి స్పర్శ లేదుగా, మంట తెలిసేది కాదు. పొద్దుగూకితే కోడలు చూడకుండా గుడ్డ చుట్టేదాన్ని. జ్వరమొచ్చినా చెప్పొద్దని వాడిచేత ఒట్టేయించుకున్నా."

"ఇవాళ ఎన్నింటికి పిండావు?"

"ఆరున్నరకి. పడుకునే ఉన్నాడు."

"డాక్టర్ శవాన్ని చూసి చెప్పారు. మీవాడు నాలుగింటికే పోయాడు."

వెంకటరావమ్మ తన వేళ్ల వంక చూసుకుంది. నిమ్మవాసన ఇంకా పోలేదు.

"పసుపుగానే ఉందిగమ్మా," అంది మెల్లగా. "మరి లోపల మానలేదా?"

లక్ష్మీదుర్గ లేచింది.

"మానింది అత్తయ్యా. ఇంక ఆయనకి పట్టీ అక్కర్లేదు."